మంగతాయారు కాలు దించిన కథ

చాలా చిన్న కథ చెప్తాను. మీ చేతుల్లో వేరుశెనక్కాయలు అయ్యేలోపు ఇదీ అయిపోతుంది. మధ్యలో ఎవరూ ప్రశ్నలు అడక్కండి. నేనూ పక్కదారి పట్టను.

అనగనగా ఒక పెద్ద చెరువు. ఆ చెరువు గట్టున ఒక అడవి. అడవి అంటే పులులూ సింహాలూ తిరిగే అడవి అనుకునేరు. అంత లేదు. తుమ్మచెట్లు, రెల్లు, జమ్ము. ఒకప్పుడు పులి ఉండేదని అక్కడి నక్క చెప్పేది గానీ, ఆ నక్క మాట నమ్మి నేను కథ నడపలేను. ఆ నక్క పేరు గవర్రాజు. అతనికి తోక దువ్వుకోవడానికే పొద్దున్నంతా సరిపోయేది. మన చివరింటి సూరపరాజు గారు మీసం దువ్వుకుంటారే, అలాగ. నేనేమీ అనడం లేదు. ఆయన మీసం, ఆయన దువ్వెన. ఆ దువ్వెనని ఒకసారి మేక తినేసింది. ఆ మేక ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నాకు తెలుసు. చెప్తే రెండిళ్ళ మధ్య మాటలుండవని ఊరుకున్నాను.

ఎక్కడున్నాం? నక్క దగ్గర. కానీ ఈ కథ నక్కది కాదు. ఉడుముది.

ఆ ఉడుము పేరు మంగతాయారు. అడవి పక్కనే ఒక ఊరు ఉంది. ఆ ఊళ్ళో ఒక తాటాకింటి చూరులో మధ్యాహ్నం పూట పడుకోవడం ఆమెకు అలవాటు. చూరు కింద అరుగు. వంటలు అయ్యాక వీధిలోని ఆడవాళ్ళు ఆ అరుగు మీద చేరి లేసు అల్లేవాళ్ళు. ఒక చిన్న సూది, దాని కొస కొక్కెంలా వంగి ఉంటుంది. ఒక దారం ఉండ. అంతే సామాను. దారాన్ని ఒక మెలిక తిప్పి, ఆ మెలికలోంచి ఇంకో మెలిక లాగుతారు. దాన్లోంచి ఇంకొకటి. అలా లాగుతూ పోతే పువ్వులు, గొలుసులు, జూకాలు, ఏది కావాలంటే అది వస్తుంది. చేతులకు పనీ, నోటికి తీరికా ఉంటాయి కాబట్టి ఊళ్ళో వాళ్ళ సంగతులు కూడా అప్పుడే అల్లుకునేవాళ్ళు. కొన్నిటికి లేసు కంటే ఎక్కువ పువ్వులుండేవి.

మంగతాయారు చూరులోంచి అంతా చూసేది. తన ముందు కాలి గోరు వంక చూసుకునేది. అది కూడా వంకరగా, కొక్కెంలాగే ఉంది.

"నాకు సూది పుట్టుకతోనే ఉందే!" అనుకుంది.

అప్పటి నుంచి రోజూ శ్రద్ధగా చూసి నేర్చుకుంది. మొదలుపెట్టడం నేర్చుకుంది. గొలుసు అల్లడం నేర్చుకుంది. పువ్వు తిప్పడం నేర్చుకుంది. ఒక్కటి మాత్రం నేర్చుకోలేదు. ముగించడం. ఎందుకంటే లేసు ముగింపుకొచ్చే వేళకి బడి వదిలేవారు. పిల్లలు వచ్చి, చూరు వైపు చూసి, "ఉడుమోయ్! ఉడుము!" అని గోల చేసేవారు. చీపుర్లు లేచేవి. మంగతాయారు పరుగెత్తేది. ఏ ఒక్క రోజూ ఆఖరు చూడలేదు.

ఒకరోజు లేసు సామాను తీసుకెళ్ళే బండి మీద నుంచి గుమ్మడికాయంత దారం ఉండ దొర్లి రెల్లులో పడింది. మంగతాయారు దాన్ని తోసుకుంటూ ఇంటికి తెచ్చుకుంది. సరదాగా ఒక జూకా అల్లింది. చాలా బాగా వచ్చింది. కానీ చివరి మెలిక గోటికే ఉంది. దాన్ని తీస్తే ఏమవుతుందో చూద్దామని తీసింది. దారం ఇలా లాగిందో లేదో జూకా మొత్తం సరసరా ఊడిపోయి మళ్ళీ దారమైంది.

మళ్ళీ అల్లింది. ఈసారి మెలిక గోటి నుంచి తియ్యలేదు. ఆ కాలు నేల మీద పెడితే మెలిక జారిపోతుందేమోనని కాలు పైకెత్తి కూర్చుంది.

అలాగే కూర్చుంది. అలాగే నడిచింది. మూడు కాళ్ళ మీద.

మొదట వచ్చింది కుందేలు చిట్టెమ్మ. చిట్టెమ్మకు చెవులంటే ప్రాణం. దానికి ఒంట్లో ఉన్నవే చెవులు, మిగతాదంతా వాటిని మోసుకు తిరగడానికి.

"అత్తా! అబ్బ, ఎంత బాగుందే ఈ జూకా! నాకివ్వవూ?" అంది.

"తీసుకోవే. నీ కోసమే ఇంకోటి కూడా అల్లుతాను" అంది మంగతాయారు.

రెండోదీ అయింది. చిట్టెమ్మ రెండూ పెట్టుకుని గుంట నీళ్ళలో చూసుకుంది. జూకా నుంచి వేలాడుతున్న గొలుసు చూసింది. ఆ గొలుసు వెళ్ళి వెళ్ళి మంగతాయారు గోటి దగ్గర ఆగింది.

"మరి ఇదేంటత్తా? దీన్ని తెంపవా?"

ఇక్కడ చూడండి. మంగతాయారు "నాకు ఆఖరు రాదే పిల్లా" అని ఉంటే నా కథ నిజంగానే చిన్నదయ్యేది. మీరు ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళు. ఆమె అలా అనలేదు.

"తెంపకూడదే. అది అలాగే ఉండాలి" అంది.

"ఓహో" అంది చిట్టెమ్మ. దానికేమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఓహో అనడం దానికి అలవాటు. మన పంచాయతీ సమావేశంలో కూడా ఎక్కువ వినపడే మాట అదే. "మరి కాలు ఎందుకెత్తావత్తా? దీవిస్తున్నావా?"

మంగతాయారు ఎత్తిన కాలు చూసుకుని, "ఆఁ" అంది.

చిట్టెమ్మ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. దాని బొరియ దాకా సరిపడా గొలుసు అల్లుతూ వదలాల్సి వచ్చింది పాపం మంగతాయారుకి.

రెండోవాడు గవర్రాజు.

"అక్కా, నా తోకకి కుచ్చులు కావాలి. జడకుచ్చుల్లాంటివి. కానీ మగవాళ్ళవి."

"మగవాళ్ళ జడకుచ్చులు ఎలా ఉంటాయిరా?"

"జడకుచ్చుల్లాగే ఉంటాయి. పేరు మాత్రం గట్టిగా పలకాలి."

మంగతాయారు అదే దారంతో, చిట్టెమ్మ గొలుసు ఆగిన చోటు నుంచే కుచ్చులు అల్లింది. గవర్రాజు తోక ఊపి చూసుకున్నాడు. ఎక్కడో దూరంగా చిట్టెమ్మ "అమ్మో, నా చెవి!" అని అరిచింది.

"అక్కా, ఈ గొలుసు ఏమిటి? కుందేలు చెవికెందుకు ముడేశావు నన్ను?"

"అది ఇప్పటి పద్ధతిరా. ఊళ్ళో అందరూ ఇలాగే వేసుకుంటున్నారు. నీకు తెలీదూ?"

గవర్రాజుకి తెలియని విషయం ఉందంటే అతను ఒప్పుకోడు. "తెలీకేం! నువ్వు చెప్తావో లేదో అని అడిగాను" అన్నాడు. పోతూ పోతూ తనూ ఒక ముందు కాలు ఎత్తి, "నేనూ ఇలాగే ఎత్తుదామనుకుంటున్నాను చాన్నాళ్ళుగా" అన్నాడు.

మూడోది బావురుపిల్లి రాఘవమ్మ. చెరువులో చేపలు పట్టుకుని బతికేది. కాళ్ళకు పట్టీలు కావాలంది. లోహానివైతే చప్పుడు విని చేపలు పారిపోతాయి, దారానివైతే బాగుంటుందని దాని లెక్క. పట్టీలు అల్లడం అయ్యాక రాఘవమ్మ ఏమీ అడగలేదు. తనే గొలుసు పట్టుకుని చూసి ముఖం ముడుచుకుంది.

"ఏం పిన్నీ, నా గొలుసు ఇంత పొట్టిగా ఉంచావు? ఆ నక్కకైతే అంత పొడుగు ఇచ్చావు. నేనేం కానిదాన్నా?"

మంగతాయారు ఇంకా పొడుగు అల్లింది.

ఆ తర్వాత ఆ అడవిలో ఎవరికీ ఏమీ బోధపడలేదు. చిట్టెమ్మ గడ్డి కోసం తల వంచితే గవర్రాజు తోక లాగేది. గవర్రాజు పరుగున వచ్చి బొరియ ముందు నిలబడేవాడు.

"పిలిచావా?"

"లేదే!" చిట్టెమ్మ బొరియలోకి ఇంకాస్త జరిగేది.

"లాగావుగా?"

"గడ్డి తిన్నాను బాబూ."

గవర్రాజు తల గోక్కునేవాడు. మామూలుగా అయితే కుందేలు గుమ్మం ముందు నక్క నిలబడితే తర్వాత ఏం జరగాలో ఇద్దరికీ తెలుసు. కానీ ఇప్పుడు ఇద్దరిదీ ఒకే గొలుసు. ఒకే గొలుసు వాళ్ళు వరసకి ఏమవుతారు? చెల్లెలా, చుట్టమా, భోజనమా? అతనికి తేలేది కాదు. "సరే, జాగ్రత్తగా ఉండు" అని వెళ్ళిపోయేవాడు. ఎవరి నుంచి జాగ్రత్తో చిట్టెమ్మకు తేలేది కాదు. ఇంతలో రాఘవమ్మ చేప మీదికి దూకితే ఇద్దర్నీ కలిపి చెరువు దాకా ఈడ్చుకుపోయేది. ఎవరూ గొలుసు తెంపుకోలేదు. పద్ధతి కదా.

పైగా గొలుసు లేని వాళ్ళకి చిన్నతనంగా ఉండేది. తొండ ఒక రెల్లుపోచ నడుముకి కట్టుకుని, రెండో కొస రాయికి కట్టింది. రాయి నుంచి కదల్లేకపోయేది గానీ గౌరవంగా ఉండేది. అందరూ ఒక ముందు కాలు ఎత్తి తిరగడం మొదలుపెట్టారు. నత్త ఒక్కటే ఎత్తలేదు. దానికి ఎత్తడానికి విడిగా ఒక కాలంటూ లేదు.

ఇంత పేరొచ్చాక మంగతాయారు సుఖంగా ఉందనుకుంటున్నారా? మూడు కాళ్ళ మీద ఉడుము ఏం వేటాడుతుంది? ఎక్కడ తవ్వుతుంది? ఎత్తిన కాలు మొద్దుబారిపోయింది. ఆకలి. ఆ చివరి మెలిక జారితే పట్టీలు, కుచ్చులు, జూకాలు వరసగా ఊడిపోతాయి. దాంతో పాటు తన పరువు కూడా. నిద్రలో కూడా కాలు దించలేదు.

ఆమెని బతికించింది పైడితల్లి. పైడితల్లి గూడబాతు. ముక్కు కింద సంచీ వేలాడే పెద్ద తెల్ల పక్షి. వానలు వెనకబట్టాక గుంపుతో వచ్చి, ఎండలకి చెరువు ఇంకేదాకా ఉండి వెళ్ళిపోయే రకం. ఊళ్ళోని అరుగు మీదికి వంగిన తుమ్మచెట్టు మీద దాని గూడు. అది రోజూ సంచీలో ఒక చేప ఎక్కువ పట్టుకొచ్చి మంగతాయారు ముందు పెట్టేది. "తిను వదినా" అనేది. కాలు ఎందుకెత్తావని ఒక్కసారి కూడా అడగలేదు. ఏదీ అల్లి పెట్టమనీ అడగలేదు.

"వదినా, నువ్వెళ్ళే లోపు నీకో హారం అల్లుతాను. వేసుకుని వెళ్ళాలి. అంత దూరంలో నన్ను తలుచుకోవాలి" అని మాటిచ్చింది మంగతాయారు.

గూడబాతు మెడంటే మాటలా? దాని సంచీ మీదుగా దిగేలా అల్లాలి. గవర్రాజు వచ్చి చూసి, "ఇది మెడకి హారమా అక్కా, పందిరికి తోరణమా?" అన్నాడు. మంగతాయారు చెరువు ఇంకుతున్న కొద్దీ తొందరగా అల్లింది. ఎంత ముచ్చటగా అల్లిందంటే, అది చూసి చిట్టెమ్మ ఓహో అనడం కూడా మరిచిపోయింది.

చెరువులో నీళ్ళు బాగా తగ్గాయి. గుంపు పెద్ద, "తెల్లారగానే బయల్దేరదాం" అన్నాడు.

తెల్లవారింది. హారం పైడితల్లి మెడలో ఉంది. హారం ఒక వైపు గొలుసు రాఘవమ్మ పట్టీకి. అక్కడి నుంచి గవర్రాజు తోకకి. అక్కడి నుంచి చిట్టెమ్మ చెవికి. హారం రెండో వైపు చివరి మెలిక మంగతాయారు గోటికి. ఆ పక్కన కాస్త మిగిలిన దారం ఉండ. అందరూ సాగనంపడానికి ఒడ్డున నిలబడ్డారు. ఒక్కో కాలు ఎత్తి.

గూడబాతులు నీళ్ళ మీద పరుగెత్తి గాని ఎగరలేవు. గుంపంతా ఒక్కొక్కటే పరుగెత్తి లేచింది. పైడితల్లి కూడా పరుగెత్తింది. ఎత్తిన కాలు దించకుండా మంగతాయారు దాని వెంట కుంటింది. గొలుసు బిగిసింది. రాఘవమ్మ బురదలో పడింది. గవర్రాజు వెనక్కి వెనక్కి నడుస్తూ, "ఎవరు పిలిచారు? ఎవరు?" అన్నాడు. చిట్టెమ్మ గాల్లో వచ్చింది. పైడితల్లి నీళ్ళలో బోర్లా పడింది.

రెండోసారి పరుగెత్తింది. ఈసారి ముగ్గురూ తుమ్మ వేరు పట్టుకున్నారు. పైడితల్లి మెడ పట్టేసి మళ్ళీ పడింది.

"గట్టిగా పట్టుకోండి!" అని అరిచాడు గవర్రాజు.

"ఎగరనివ్వడానికా, ఎగరకుండానా?" అంది రాఘవమ్మ.

"అది నాకు తెలీదు. పట్టుకోండి!"

ఆకాశంలో గుంపు ఒక చుట్టు తిరిగింది. గుంపు పెద్ద కిందికి చూసి, "పైడితల్లీ! వస్తున్నావా లేదా? గాలి మారితే ఆగం" అన్నాడు.

పైడితల్లి ఒడ్డుకొచ్చింది. రొప్పుతోంది. "వదినా, పోనీ హారం తీసి ఇచ్చేస్తాను. ఏమనుకోకు" అంది. సంచీ ముడుచుకుపోయింది దాని మొహంలో.

మంగతాయారు హారం వైపు చూసింది. ఎత్తిన కాలు వైపు చూసింది. ఒడ్డున నిలబడ్డ అందరి వైపూ చూసింది. చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే పైడితల్లి ఒట్టి మెడతో వెళ్తుంది, లేదా గుంపు పోయాక ఇంకిన చెరువులో ఒంటరిగా ఉండిపోతుంది. గూడబాతు నీళ్ళు లేని చోట ఎన్నాళ్ళు బతుకుతుంది?

"వదినా" అంది మంగతాయారు, "నాకు ముగించడం రాదు."

గోటికున్న మెలిక అందరికీ చూపించింది.

"పద్ధతీ కాదు, పాడూ కాదు. తెంపితే ఊడిపోతుంది. ఊడకుండా ఎలా తెంపాలో నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఈ కాలు."

పైడితల్లి ముక్కు తెరిచి అలాగే ఉండిపోయింది. దాంట్లో ఉన్న చేప ఒకటి తప్పించుకుని పోయింది.

"అయ్యో వదినా! నా గూడు ఆ అరుగు పైనే కదా. సాయంత్రం పిల్లలు ఎంత గోల చేసినా నన్నెవరూ తరమరు. ఆఖరు నేను రోజూ చూస్తాను. దారం కొరుకు. తెగిన కొసని ఆ చివరి మెలికలోంచి ఇవతలికి లాగు. బిగించు. అంతే."

"అంతేనా?"

"అంతే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా. వచ్చిపోయేదాన్ని, మీ పద్ధతికి నేను వంక పెట్టడమెందుకని ఊరుకున్నాను."

మంగతాయారు దారం కొరికింది. కొసని మెలికలోంచి లాగింది. బిగించింది. అటు వైపు రాఘవమ్మ గొలుసు కూడా హారం దగ్గర కొరికి, ఆ కొసా అలాగే బిగించింది. పైడితల్లి మెడ విదిలించి చూసింది. హారం ఊడలేదు.

మంగతాయారు కాలు నేల మీద పెట్టింది. నేల తగిలిందో లేదో కూడా ఆమెకు తెలియలేదు, అంత మొద్దుబారింది. కాసేపటికి తెలిసింది. అప్పుడు ఏడ్చింది. ఉడుములు ఏడవవని ఎవరైనా చెప్తే, వాళ్ళు ఆ రోజు అక్కడ లేరని అర్థం.

పైడితల్లి మూడోసారి పరుగెత్తింది. లేచింది. తెల్లటి మెడలో తెల్లటి హారం, కింద నుంచి చూస్తే కనపడనే లేదు. ఉన్నట్టు మాత్రం ఇద్దరికి తెలుసు.

గుంపు కనుమరుగయ్యాక మంగతాయారు కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది. "రండర్రా. మీవి కూడా తెంపి ముడేస్తాను. ఎవరివి వాళ్ళు హాయిగా వేసుకు తిరగండి" అంది.

అందరూ ఎవరి గొలుసు వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు.

"తెంపుతావా? ఎందుకత్తా?" అంది చిట్టెమ్మ. "తెంపితే ఇంక ఏముంది? అలాంటివి ఎవరైనా వేసుకుంటారు."

"చెప్పానుగా పిల్లా, నాకు రాకే అలా వదిలేశాను!"

రాఘవమ్మ చిట్టెమ్మ చెవి దగ్గరికి వంగింది. "స్నేహితురాలు వెళ్ళిపోయింది కదా, పాపం, మతి చెదిరింది" అంది. గొంతు తగ్గించాననుకుంది. అందరికీ వినపడింది.

గవర్రాజు మంగతాయారు కాలు వైపు చూశాడు. "అక్కా, కాలు దించేశావు" అన్నాడు జాలిగా. "వయసు. ఏం చేస్తాం." హారం దగ్గర తెగిన గొలుసు కొసని తీసుకెళ్ళి తొండ రాయికి కట్టాడు. తొండ చాలా సంతోషించింది.

మళ్ళీ వానలు వెనకబట్టాక పైడితల్లి వచ్చింది. హారం మెడలోనే ఉంది. ఒక్క పోగు కూడా ఊడలేదు. అడవి అంతా కలిసి దాన్ని ఓదార్చింది. "గొలుసు లేని దాన్ని ఇచ్చింది నీకు, పాపం" అన్నారు.

ఇప్పుడు ఆ అడవిలో అల్లిక నేర్పే బడి ఒకటి ఉంది. నడిపేది గవర్రాజు. అతనికి అల్లిక రాదు. కాలు మాత్రం చాలా బాగా ఎత్తుతాడు. మంగతాయారుని వెనక వరసలో కూర్చోబెట్టాడు. ఆమె రోజూ వెళ్తుంది. పక్కన పైడితల్లి కూడా కూర్చుంటుంది.

నీతి: రాని పనిని రాదని మొదటి రోజే చెప్పాలి, అబద్ధం అలవాటయ్యాక వచ్చిన నిజానికి వెనక వరసలోనే చోటు దొరుకుతుంది.